గట్టు మీది కుర్చీ
త్రివిధ పోటీలో సామాన్యునికీ చోటుంది

తెలుగు కుటుంబాలు స్థిరపడిన అమెరికా పట్టణాలలో శనివారం ఉదయం ఈతకొలను వద్ద ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లలు ఈత కళ్లద్దాలు బిగించుకొని ఒక కొస నుండి మరో కొసకు చేపపిల్లల్లా ఈదుతూ ఉంటారు. వారిని తీసుకువచ్చిన తల్లిదండ్రులు గట్టు మీద కుర్చీలలో కూర్చొని ఉంటారు. ఒకరి చేతిలో కాఫీ, ఇంకొకరి ఒడిలో ఆఫీసు పని. గంట గడుస్తుంది. పిల్లలకు తువాలు అందించి, ఇంటికి బయలుదేరుతారు. పిల్లల గుండె, ఊపిరితిత్తులు ఆ గంటలో కొంత బలపడి ఉంటాయి. పెద్దల శరీరాలు మాత్రం మరొక గంట కూర్చొని ఉంటాయి, అంతే.

అదే ప్రాంతంలో వేసవిలో ఒక ఆదివారం తెల్లవారుజామున, సరస్సు ఒడ్డున మరొక దృశ్యం కనిపిస్తుంది. బడిపంతులు, నర్సు, తపాలా ఉద్యోగి, రైతు, పదవీ విరమణ చేసిన బామ్మగారు, రెండు మూడు వందల మంది రంగురంగుల టోపీలు పెట్టుకొని నీటి అంచున నిలబడి ఉంటారు. వారి భుజాలపై నల్ల సిరాతో పోటీ సంఖ్య, కాలి పిక్కపై వయస్సు వ్రాసి ఉంటాయి. వయస్సును అందరూ చదివేలా కాలిపై వ్రాయించుకొని, సిగ్గుపడకుండా పరుగెత్తే చోటు లోకంలో బహుశా ఇదొక్కటే. ఈత, సైకిలు, పరుగు అనే మూడింటినీ నడుమ విరామం లేకుండా పూర్తిచేసే ఈ పోటీనే ట్రయథ్లాన్ అంటారు. తెలుగులో త్రివిధ పోటీ అనుకోవచ్చు. ఆ గుంపులో తెలుగు ముఖం అరుదు. ఆ అరుదుతనానికి చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు.

సామాన్యుల కొరకే పుట్టిన క్రీడ

ట్రయథ్లాన్ అనగానే చాలామందికి హవాయి దీవులలోని ‘ఐరన్‌మ్యాన్’ స్ఫురిస్తుంది. 2.4 మైళ్ల ఈత, 112 మైళ్ల సైకిలు, ఆపైన 26.2 మైళ్ల పరుగు ఉండే ఆ పోటీ ఉక్కుమనుషుల వ్యవహారమని తలచి పక్కకు తప్పుకుంటారు. కాని ఈ క్రీడ పుట్టుక అలాంటిది కాదు. 1974 సెప్టెంబరు 25న కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరంలో, మిషన్ బే తీరాన, ఒక స్థానిక పరుగు సంఘం సభ్యులు రోజువారీ పరుగులకు మార్పుగా ఉంటుందని దీనిని ఏర్పాటు చేశారు. పాల్గొన్నవారు 46 మంది. అందరూ ఔత్సాహికులే. 1978లో హవాయిలో జరిగిన మొదటి ఐరన్‌మ్యాన్‌లో సైతం బయలుదేరినవారు 15 మంది, చివరి గీత దాటినవారు 12 మంది మాత్రమే. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు స్థానం దక్కింది. అక్కడి దూరాలు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు.

చిన్న పట్టణాలలో జరిగే పోటీలలో ఎక్కువగా కనిపించేది దానిలో సగం. సాధారణంగా 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. దీనిని ‘స్ప్రింట్’ దూరమంటారు. సామాన్య శిక్షణ పొందిన నడివయస్కునికి ఈతకు 20 నుండి 25 నిమిషాలు, సైకిలుకు 50 నిమిషాలు, పరుగుకు 35 నిమిషాలు పట్టవచ్చు. బట్టలు, బూట్లు మార్చుకొనే సమయం కలుపుకున్నా మొత్తం రెండు గంటల లోపే. ఒక తెలుగు సినిమా చూసే సమయం కంటే తక్కువ.

ఇటువంటి పోటీలకు ఊరే ఆతిథేయి. అగ్నిమాపక సిబ్బంది కూడళ్లలో వాహనాలను ఆపుతారు. ఉన్నత పాఠశాల విద్యార్థులు దారి పొడవునా మంచినీటి గ్లాసులు అందిస్తారు. మొదట వచ్చినవారికి పతకమిచ్చి జనం వెళ్లిపోరు. ఆఖరివాడు వచ్చేదాకా ఉండి చప్పట్లు కొడతారు. విజేతకూ ఆఖరివానికీ మధ్య గంట తేడా ఉండవచ్చు గాని, ఇద్దరూ అదే సరస్సును ఈది, అదే కొండను ఎక్కి, అదే గీతను దాటుతారు.

తెలుగువారికి ఇది ఎందుకు ముఖ్యం

వినోదంగానే అయితే ఈ పోటీని గూర్చి ఇంతగా చెప్పవలసిన అవసరం లేదు. దక్షిణాసియా ప్రజల హృదయారోగ్యాన్ని గూర్చి శాస్త్రజ్ఞులు చెబుతున్న సంగతులే దీనికి ప్రాధాన్యాన్ని కల్పిస్తున్నాయి. 52 దేశాలలో గుండెపోటు కారణాలను పరిశీలించిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలోని వివరాలను దక్షిణాసియా వరకు విడదీసి 2007లో ప్రకటించారు. దాని ప్రకారం భారతదేశం, దాని పొరుగు దేశాలలో మొదటి గుండెపోటు వచ్చే సగటు వయస్సు 53 సంవత్సరాలు. ఇతర దేశాలలో అది దాదాపు 59. అనగా ఆరేళ్ల ముందే ముప్పు తలుపు తడుతున్నది. దీనికి అంతుచిక్కని జన్యురహస్యమే కారణమని సరిపెట్టుకోవడానికి కూడా వీలు లేదు. ఇతర జాతులకు కీడు చేసే పొగాకు, రక్తపోటు, కొవ్వు, మధుమేహం వంటివే ఇక్కడా కీడు చేస్తున్నవని, కాకపోతే చిన్న వయస్సులోనే కూడుకుంటున్నవని ఆ అధ్యయనం తేల్చింది. మరొక అంకె మరింతగా కలవరపెడుతుంది. గుండెజబ్బు లేనివారిలో తీరిక వేళల్లో తగినంత వ్యాయామం చేసేవారు ఇతర దేశాలలో 21.6 శాతం కాగా, దక్షిణాసియాలో 6.1 శాతం మాత్రమే.

మధుమేహం సంగతి విదితమే. పైకి సన్నగా కనిపించే శరీరాలలో సైతం పొట్ట లోపల, కాలేయం చుట్టూ కొవ్వు చేరడం దక్షిణాసియావాసులలో ఎక్కువ. అందువలననే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుండి, ఎత్తుకు తగిన బరువును తెలిపే సూచిక 25 చేరేవరకు ఆగకుండా, ఆసియా సంతతి వారు 23 వద్దనే మధుమేహ పరీక్షకు యోచించాలని సూచించింది. కూర్చొని తింటే కొండలైనా కరుగుతాయన్నది పెద్దల సామెత. సంపద విషయంలో అది నిజమే కావచ్చు. శరీరం విషయంలో మాత్రం కూర్చొని తింటే నడుము చుట్టూ కొండలు పెరుగుతాయి.

ఈ జబ్బుకు శ్రమే మంచి మందనడానికి కూడా గట్టి ఆధారాలున్నాయి. మధుమేహపు అంచున ఉన్నవారిపై అమెరికాలో జరిగి, 2002లో ప్రకటితమైన పెద్ద పరిశోధనలో, వారానికి 150 నిమిషాల వ్యాయామం చేసి బరువును 7 శాతం తగ్గించుకోవాలన్న లక్ష్యంతో జీవనశైలిని మార్చుకున్న వర్గంలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న వర్గంలో తగ్గుదల 31 శాతం. భారతదేశంలో జరిగి 2006లో వెలువడిన ఇటువంటి పరిశోధనలో, పెద్దగా బరువు తగ్గకపోయినా జీవనశైలి మార్పు వలన 28.5 శాతం తగ్గుదల కనిపించింది. దీనిలోని కీలకం కండరంలో ఉంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోనికి తీసుకోగలదు. కదలని కండరానికి ఆ ద్వారం మూసుకుపోతుంది.

‘ఇప్పుడీ వయస్సులోనా?’

నలభై ఐదు దాటిన వారి నోట వెంటనే వచ్చే ప్రశ్న ఇది. దీనికి సమాధానం డల్లాస్ నగరంలో దొరుకుతుంది. 1966లో అక్కడి వైద్య శాస్త్రజ్ఞులు ఇరవై ఏళ్ల వయస్సున్న అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాల పాటు మంచం దిగకుండా పడుకోబెట్టారు. తీవ్రశ్రమ వేళ శరీరం గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వినియోగించగలదన్నదే శారీరక దార్ఢ్యానికి సరైన కొలమానం. మూడు వారాల శయ్యావాసంతో ఆ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది.

ముప్ఫై ఏళ్ల తరువాత, 1996లో, ఆ అయిదుగురినే మళ్లీ పిలిపించి పరీక్షించారు. వారి బరువు సుమారు 25 శాతం పెరిగింది. ఒంటిలో కొవ్వు పాలు 14 శాతం నుండి 28 శాతానికి రెట్టింపైంది. ప్రాణవాయు సామర్థ్యం మాత్రం సుమారు 12 శాతమే తగ్గింది. అనగా ఇరవయ్యో ఏట మూడు వారాల మంచం చేసిన చేటు, ముప్ఫై ఏళ్ల వార్ధక్యం చేసిన చేటు కంటే ఎక్కువ. అంతటితో ఆగలేదు. ఆ యాభై ఏళ్లవారికి ఆరు నెలల పాటు నడక, నెమ్మది పరుగు, సైకిలు క్రమక్రమంగా అలవాటు చేశారు. చివరికి వారి సామర్థ్యం ఇరవయ్యో ఏట పరిశోధనకు ముందున్న స్థాయికి చేరింది. యువకులుగా శిక్షణ పొంది సాధించిన శిఖరాన్ని వారెవ్వరూ మళ్లీ అందుకోలేదన్న మాట కూడా నిజం. పోయినది యౌవనపు శిఖరం. పోయిందనుకున్న నేల మాత్రం తిరిగి దక్కింది. అయిదుగురి పరిశోధన చిన్నదే అయినా, దాని సందేశం ఉపేక్షించదగినది కాదు. వయస్సు మీద వేసే నిందలో పెద్ద వాటా నిజానికి కుర్చీకి చెందవలసినది.

మడోనా బ్యూడర్ అనే కైస్తవ సన్యాసిని నలభై ఎనిమిదో ఏట పరుగు మొదలుపెట్టి, 2012లో తన 82వ ఏట కెనడాలోని పెంటిక్టన్ అనే చిన్న పట్టణంలో ఐరన్‌మ్యాన్ దూరాన్ని గడువులోగా పూర్తిచేసింది. అందరూ ఆమె కానక్కరలేదు. ఆమె ప్రారంభించిన వయస్సును గుర్తుంచుకుంటే చాలు.

మూడు విద్యలూ చిన్ననాటివే

నిజానికి ఈ మూడూ ఒక తరం తెలుగువారికి కొత్తవి కావు. నడుముకు బెండ్లు కట్టుకొని బావిలోనో, కాలువలోనో ఈత నేర్చినవారు, గంట లెక్కన సైకిలు అద్దెకు తెచ్చుకొని, సీటు అందక బారు కింద నుండి కాలు దూర్చి తొక్కినవారు, బడి గంట వినిపించి పొలం గట్ల మీద పరుగెత్తినవారు నేడు ప్రవాసంలో కార్ల వెనుక, కంప్యూటర్ల ముందు కూర్చొని ఉన్నారు. నేర్చిన విద్యను శరీరం అంత తేలికగా మరచిపోదు. మరచినది దానిని మోసే గుండె, కండరం మాత్రమే.

మూడు రకాల శ్రమ కలవడంలో ఒక శాస్త్రీయమైన సౌలభ్యముంది. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కాలిపై పడుతుంది. సైకిలుపై ఆ బరువును సీటు మోస్తుంది. ఈతలో నీరే మోస్తుంది. పరుగు ఒక్కటే సాధన చేసేవారి మోకాళ్లకు లేని విశ్రాంతి ఇక్కడ దొరుకుతుంది. గుండెకు మాత్రం మూడు రోజులూ పనే.

ఖరీదైన సైకిలు ఉండాలన్నది మరొక అపోహ. సమతల మార్గంలో వేగం పెరిగే కొలదీ గాలి ఎదురుదెబ్బ వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. దానిని నెట్టడానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. వేల డాలర్ల సైకిలు అక్కరకు వచ్చేది అంతటి వేగంతో పోయేవారికే. ఆదివారపు ఔత్సాహికునికి బ్రేకులు సరిగా ఉన్న మామూలు సైకిలు, తలకు అమరిన హెల్మెట్ చాలు. ఈతలోనూ ఇదే న్యాయం. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అక్కడ కండబలం కంటే శరీరాన్ని నీటికి సమాంతరంగా ఉంచే నేర్పు ముఖ్యం. నేర్పు ఉన్న బక్కపలుచని మనిషి, బలమున్నా తలపైకెత్తి ఈదే వస్తాదును దాటిపోవడం ఈతకొలనులో నిత్యం కనిపించేదే.

ప్రమాదాన్ని దాచకూడదు

పోటీని మెచ్చుకొనేవారు దాని ముప్పును కూడా అంతే స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది. 1985 నుండి 2016 వరకు అమెరికాలో జరిగిన ట్రయథ్లాన్‌లను పరిశీలించిన అధ్యయనం 2017లో వెలువడింది. ఆ కాలంలో 135 మరణాలు, గుండె ఆగిపోయిన సంఘటనలు నమోదయ్యాయి. వాటిలో 90 ఈతలోనే జరిగాయి. బాధితులలో 85 శాతం పురుషులు. సగటు వయస్సు 47కు సమీపం. లెక్క లక్ష మందికి రెండు కంటే తక్కువే అయినా, నడివయస్సు దాటిన పురుషులలో అది వేగంగా పెరుగుతుంది. శవపరీక్ష వివరాలు లభించిన వారిలో సుమారు 44 శాతం మందికి ముందే గుండె, రక్తనాళాల లోపం ఉన్నట్లు బయటపడింది. ఇంటర్‌హార్ట్ అంకెలను, ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, నలభై దాటిన తెలుగు పురుషుడు వైద్యపరీక్ష చేయించుకోకుండా సరస్సులోకి దూకడం ఎంతటి సాహసమో బోధపడుతుంది.

ఈతలోనే ఎందుకు? చల్లని నీరు ఒక్కసారిగా ఒంటికి తగలగానే ఊపిరి ఎగబీల్చుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ముఖం మునిగి శ్వాస బిగిసినప్పుడు మరొక నాడీ ప్రతిచర్య గుండెను నెమ్మదించమంటుంది. ఒకే గుండెకు ఏకకాలంలో రెండు విరుద్ధమైన ఆజ్ఞలు అందుతాయి. నీటి ఒత్తిడి కాళ్లలోని రక్తాన్ని ఛాతీ వైపు నెడుతుంది. దీనికి తోడు చుట్టూ వందల చేతులు, కాళ్లు, అడుగు కనపడని లోతు, మనస్సులో కలవరం. ఈతకు మించిన లోతు లేదన్నది తెలుగు సామెత. ఆ మాటలోని భరోసా ఈత నిజంగా వచ్చినవారికే చెల్లుతుంది. కొలనులో గోడ పట్టుకొని అలుపు తీర్చుకొనే ఈత వేరు, గోడలేని సరస్సులో ఈత వేరు.

కనుక మొదటిసారి పాల్గొనదలచినవారు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. శిక్షణకు ముందే వైద్యుని కలిసి రక్తపోటు, చక్కెర, కొవ్వు, గుండె పరీక్షలు చేయించుకోవాలి. ఛాతీలో నొప్పి, తలతిరుగుడు, అకారణమైన ఆయాసాన్ని ‘గ్యాసు’ అని కొట్టివేయరాదు. తగినంత వ్యవధి పెట్టుకొని, వారానికి నాలుగైదు గంటలతో నెమ్మదిగా సాధన చేయాలి. నిదానమే ప్రధానమన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పోటీకి ముందు కనీసం కొన్నిసార్లయినా సరస్సులో, తోడు ఉండగా, కాపరులున్న చోట ఈదాలి. పోటీనాడు గుంపు వెనుకనో, పక్కనో బయలుదేరాలి. అలసట కలిగితే వెల్లకిలా తేలి చెయ్యెత్తితే రక్షక పడవ వస్తుంది. అది ఓటమి కాదు, వివేకం. సైకిలు దిగి పరుగు మొదలుపెట్టినపుడు కాళ్లు సీసపు దిమ్మల్లా ఉంటాయి. తొక్కే లయ నుండి పరుగెత్తే లయకు నాడులు, కండరాలు మారడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కనుక నెమ్మదిగా సాగాలి. ఖర్చయ్యే శక్తిలో మూడు వంతులకు పైగా వేడిగానే బయటపడుతుంది కాబట్టి ఎండను గౌరవించాలి. దాహానికి తగినట్లు త్రాగాలి గాని, భయంతో కడుపునిండా నీరు పట్టించరాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షకు రక్తమిచ్చిన 488 మందిలో 13 శాతానికి రక్తంలోని సోడియం తక్కువగా ఉందని, దానికి ముఖ్య కారణం అతిగా త్రాగడమేనని తేలింది. ఇక ఆహారమంటారా, రెండు గంటల శ్రమకు ప్రత్యేక పానకాలేవీ అక్కరలేదు. రెండు మూడు గంటల ముందు తిన్న నాలుగు ఇడ్లీలు చాలు.

నడక చాలదా?

చాలునన్నదే నిజాయితీగల సమాధానం. మధుమేహాన్ని నివారించిన పైపరిశోధనలలో ఎక్కువమంది చేసినది చురుకైన నడకే. నడిచేవారు నడకను మానవలసిన పని లేదు. కాని రేపు నడుద్దామనుకున్న నడకకు రేపు ఎన్నటికీ రాదు. పోటీకి మాత్రం ఒక తేదీ ఉంటుంది, కట్టిన రుసుము ఉంటుంది, ఇంట్లో చెప్పిన మాట ఉంటుంది. ప్రవాసాంధ్రులు పరీక్ష తేదీ ముందుంటే చదివే జాతి. శరీరానికి కూడా ఒక పరీక్ష తేదీ పెట్టడమే ట్రయథ్లాన్ చేసే మేలు. ఆ రెండు గంటలలో ఆరోగ్యం రాదు. దానికి ముందు గడిచిన నెలలలో వస్తుంది. పోటీనాడు వర్షం వచ్చి రద్దయినా ఆ లాభం ఎక్కడికీ పోదు.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అన్నదమ్ములు బావిలో ఈత నేర్చుకుంటుంటే గట్టున నిలబడి చూసిన ఆడపిల్లలెందరో. ఆ గట్టు సముద్రాలు దాటినా వారిని వదలలేదు. నేడు కూతురి ఈత తరగతికి వచ్చి కుర్చీలో కూర్చున్న తల్లి, తన చిన్ననాటి గట్టు మీదనే కూర్చొని ఉంది. ట్రయథ్లాన్ సంగతి అటుంచినా, నీటిలో ప్రాణం కాపాడుకొనే విద్య ప్రతి మనిషికీ హక్కు.

తెలుగు సంఘాలు ఈ విషయంలో చేయగలిగినది చాలా ఉంది. ఉత్సవాలకు, విందులకు పెట్టే శ్రద్ధలో పదో వంతు దీనికి పెట్టినా చాలు. వయోజనులకు, ప్రత్యేకించి స్త్రీలకు ఈత తరగతులు, శీతకాలంలో వైద్యుల సలహా సమావేశం, వసంతంలో ఆదివారపు సైకిలు బృందం ఏర్పాటు చేయవచ్చు. వేసవిలో జరిపే వనభోజనాన్ని, స్థానిక పోటీ జరిగే సరస్సు ఒడ్డుననే, అదే రోజున పెట్టుకోవచ్చు. పదిమంది పాల్గొంటే వందమంది చప్పట్లు కొడతారు. ఆ వందలో కొందరు మరుసటి ఏడు పాల్గొంటారు. పులిహోర రుచి కూడా ఆ రోజున హెచ్చుగా ఉంటుంది.

పిల్లలకు ఆస్తి, చదువు, భాష ఇవ్వాలని ప్రవాసాంధ్ర తల్లిదండ్రులు పడే తపన తక్కువది కాదు. యాభై మూడో ఏట ఆస్పత్రి మంచం మీద పడుకొని వాటిని ఇవ్వడం కంటే, డెబ్బై మూడో ఏట మనుమని చేయి పట్టుకొని నడుస్తూ ఇవ్వడం మేలు. దానికి తొలి మెట్టు హవాయిలో లేదు. వచ్చే శనివారం పిల్లల తరగతి సాగే ఆ గంటలో, పక్క వరుస నీళ్లు ఖాళీగా ఉంటే అక్కడే ఉంది. కుర్చీ నుండి ఆ నీటి వరకు ఉన్న దూరం పది అడుగులు. త్రివిధ పోటీలో అన్నిటికంటే కష్టమైన దూరం అదే.